వంతు ఇంటి లెక్కన పడాలి

కావలి నుంచి తూర్పుగా సముద్రం వైపు పోతే ముందు వరి, తర్వాత రొయ్యల గుంటలు, ఆ తర్వాత సరుగుడు తోటలు, చివర ఇసుక మీద పాలెం. ఇటు ఇందుకూరుపేట మండలంలోనూ, అటు ప్రకాశం జిల్లా కొత్తపట్నం వైపూ తీరం పొడుగునా ఇంచుమించు ఇదే వరస. ఇలాంటి చోట్ల ఫైబరు కరెంటు స్తంభాల మీదుగా గుంటల దాకా వచ్చి ఆగిపోవడం మామూలు. అక్కడ ఒక స్తంభానికి, ఒక వైపున్న ఇళ్లన్నిటికీ రేడియోతో నెట్ ఇచ్చే సెక్టార్ యాంటెన్నా కడతారు. పాలెంలో ఇళ్ల మీద చిన్న డిష్‌లు పెడతారు. ఫైబరు సగం దారి, గాలి సగం దారి. రాత్రి ఎనిమిదిన్నరకి పాలెంలో ఎవర్ని కదిపినా ఒకటే మాట: "నెట్టు తిరగతానే ఉండాది, రావట్లా." అదే ఫైబరు మీద, అదే బిల్లు కట్టే రోడ్డు పక్క మేడలో సినిమా ఆగకుండా ఆడుతుంటుంది.

దీనికి వాడుకలో ఉన్న జవాబు "రేడియో అంటే అంతే". అందులో నిజం సగమే. రేడియోకి ఫైబరుకున్నంత సత్తువ లేదన్న మాట వాస్తవం. కానీ రేడియో తన చేతనైనంత మోయకముందే, వెనకాల ఫైబరు పంపకంలోనే పాలెం వాటా కోతకు గురవుతుంది. ఎందుకంటే ఆ పంపకం పెట్టెల లెక్కన జరుగుతుంది. మేడలో ఉన్న పెట్టె ఒకటి, స్తంభం మీది పెట్టె ఒకటి. ఒకదాని వెనక ఒక ఇల్లు, రెండోదాని వెనక నలభై ఇళ్లు. రెంటికీ సమానంగా పంచి అదే న్యాయమంటున్నారు. నా వాదన ఒక్కటే: ఫైబరూ గాలీ కలిసిన నెట్‌వర్కులో వంతు ఇంటి లెక్కన పడాలి. అందుకు కొత్త సామాను కొననక్కర్లేదు, ఉన్న సెట్టింగులు చాలు.

పంపకం ఎక్కడ జరుగుతుందో ముందు చూద్దాం. ఒకే ఫైబరుని చాలా ఇళ్లు పంచుకునే జీపాన్ పద్ధతిలో, ఆపరేటరు గదిలో అంతా నడిపే ఓఎల్‌టీ అనే యంత్రం పోర్టు నుంచి ఒకే ఫైబరు పోగు బయల్దేరుతుంది. దారిలో స్ప్లిటర్లు దాన్ని 32 లేదా 64 కొమ్మలుగా చీలుస్తాయి. ఒక్కో కొమ్మ చివర ఒక ఓఎన్‌యూ, నేను పైన పెట్టె అన్నది దీన్నే. దిగే వైపు, అంటే డౌన్‌లోడ్‌కి, 1490 నానోమీటర్ల వెలుగులో సెకనుకు 2.488 గిగాబిట్లు అందరి దగ్గరికీ ఒకేలా వస్తాయి, ఎవరిది వాళ్లు తీసుకుంటారు. ఎక్కే వైపు, అంటే అప్‌లోడ్‌కి, 1310 నానోమీటర్లలో 1.244 గిగాబిట్లు. ఇక్కడే చిక్కు. అన్ని పెట్టెలూ ఒకేసారి లేజరు వెలిగిస్తే స్ప్లిటర్ దగ్గర కలగాపులగమవుతుంది. అందుకే 125 మైక్రోసెకన్ల ఫ్రేములో ఎవరు ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎప్పుడు ఆపాలి అన్నది ఓఎల్‌టీ చెబుతుంది. దీన్ని డీబీఏ అంటారు. కాలువ మీద తూములు తిప్పే లస్కరు పని ఇది. లస్కరు తూముకింత అని నీళ్లు వదిలితే ఆరెకరాల తూముకీ అరవై ఎకరాల తూముకీ ఒకటే నీరు. సంగం, నెల్లూరు ఆనకట్టల కింద సాగు చేసిన రైతుకి ఇందులో తప్పేమిటో వేరే చెప్పక్కర్లేదు.

లెక్క వేసి చూద్దాం. ఒక పోర్టు మీద 32 పెట్టెలు. వాటిలో 31 విడి ఇళ్లవి, ఒకటి 40 ఇళ్లకు రేడియోతో ఇచ్చేది. గార్డు సమయం, హెడర్లు, తప్పుల దిద్దుబాటుకి పోయేది పోగా ఎక్కే వైపు సెకనుకు 1,100 మెగాబిట్లు చేతికొస్తాయనుకుందాం. అందరూ ఒకేసారి గట్టిగా వాడుతున్న వేళ పెట్టెకింత అని పంచితే ఒక్కోదానికి 34.4 మెగాబిట్లు. మేడకి 34.4 పూర్తిగా దక్కుతుంది. పాలెంలో ఇంటికి 0.86. కేంద్ర టెలికాం శాఖ 2023లో బ్రాడ్‌బ్యాండ్ అనే మాటకి కనీస వేగాన్ని 512 కిలోబిట్ల నుంచి 2 మెగాబిట్లకి పెంచింది. అది డౌన్‌లోడ్ కొలతే, అయినా 0.86 ఎంత చిన్నదో తెలియడానికి పనికొస్తుంది.

ఇప్పుడు ఇంటి లెక్కన పంచుదాం. రేడియో ఎక్కే వైపు మొత్తం 120 మెగాబిట్లకి మించి మోయలేదనుకుందాం. దాని వంతు ఎంత పెద్దదైనా అది 120 మాత్రమే తీసుకుంటుంది, మిగిలింది వెనక్కి వస్తుంది. పాలెంలో ఇంటికి 3 మెగాబిట్లు. మిగిలిన 980ని 31 ఇళ్లు పంచుకుంటే ఒక్కోదానికి 31.6. అంటే మేడ వదులుకున్నది మూడు మెగాబిట్లు కూడా లేదు. పాలెంలో ఇంటికి వచ్చింది మూడున్నర రెట్లు. "వాళ్లకి ఎక్కువిస్తే మాకు తగ్గదా" అనే రోడ్డు పక్క చందాదారుకి ఈ రెండంకెలూ చూపిస్తే చాలు.

ఇంకో సంగతి ఉంది, కొంచెం నిలబడి చూడదగ్గది. పంపకం ఎంత సమంగా ఉందో కొలవడానికి రాజ్ జైన్, ఆయన సహచరులు 1984లో ఒక సూచీ ఇచ్చారు. అందరి వాటాల మొత్తాన్ని వర్గం చేసి, వాటాల వర్గాల మొత్తాన్ని మనుషుల సంఖ్యతో గుణించగా వచ్చిన దానితో భాగించాలి. అందరికీ సమానమైతే 1, ఒక్కరికే అంతా పోతే సున్నాకి దగ్గర. పై మొదటి పంపకాన్ని పెట్టెల లెక్కన కొలిస్తే సూచీ సరిగ్గా 1, వంక పెట్టడానికి లేదు. అదే పంపకాన్ని 71 ఇళ్ల లెక్కన కొలిస్తే 0.46. రెండో పంపకాన్ని పెట్టెల లెక్కన కొలిస్తే 0.83కి పడిపోతుంది, ఇళ్ల లెక్కన 0.54కి పెరుగుతుంది. మంచి పంపకం పెట్టెల కొలతలో చెడ్డదిగా కనిపిస్తుంది. సూత్రంలో తప్పు లేదు. అందులో మనిషి అని ఎవర్ని వేశారన్నదే అసలు ప్రశ్న. అది వేసేవాళ్లు నెట్‌వర్కు గదిలో కూర్చునేవాళ్లు, గదిలోంచి వాళ్లకి కనిపించేది పెట్టెలే.

ఈ అలవాటు ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా తెలుసుకోవాలి. మన కేబుల్ ఆపరేటర్ల దగ్గర ఇప్పటికీ చాలా ఉన్న, జీపాన్ లాంటిదే ఇంకో పద్ధతి అయిన ఈపాన్ ప్రమాణం 2004లో వచ్చింది. దాని కోసం గ్లెన్ క్రామర్, బిశ్వనాథ్ ముఖర్జీ, జెర్రీ పెసవెంటో 2002లో ఐపాక్ట్ అనే వంతుల పద్ధతిని ప్రకటించారు. ఓఎన్‌యూ తన దగ్గర ఎంత పేరుకుందో రిపోర్టులో చెబుతుంది, ఓఎల్‌టీ గేట్ సందేశంలో అంత ఇస్తుంది, అయితే ఒక హద్దు దాటకుండా. 16 పెట్టెలు, 2 మిల్లీసెకన్ల చుట్టు, మధ్యలో 5 మైక్రోసెకన్ల ఖాళీ పెట్టుకుంటే ఆ హద్దు పెట్టెకి 15,000 బైట్లు. అంటే ఒక వంతులో పెద్ద ప్యాకెట్లు ఇంచుమించు పది. ఒక ఇంటికి పది ప్యాకెట్లంటే హాయి. నలభై ఇళ్ల పాలెం తరఫున నిలబడ్డ పెట్టెకీ ఆ పదే అయితే, ప్రతి చుట్టులోనూ ముప్పై ఇళ్లు ఒక్క ప్యాకెట్ కూడా ఎక్కించలేక ఆగిపోతాయి. హద్దు అందరికీ ఒకటే ఉండాలని ఆ పద్ధతిలో ఎక్కడా లేదు, ఒప్పందాన్ని బట్టి మార్చుకోవచ్చు. తయారీదారు పెట్టి పంపిన డిఫాల్టుని ఎవరూ ముట్టుకోరు, అంతే.

మార్చేటప్పుడు ఈపాన్‌లో ఒక గుంట ఉంది, చూసుకోవాలి. ఈ 16 పెట్టెల పోర్టులో ఒకదాని వెనక 40 ఇళ్లుంటే మొత్తం 55 వంతులు. విడి ఇంటి హద్దు 4,364 బైట్లకి దిగుతుంది. ఈపాన్ ప్యాకెట్‌ని ముక్కలు చేయదు. ముందు వెనక ఖాళీలతో కలిపి పెద్ద ప్యాకెట్ 1,538 బైట్లు పడుతుంది కాబట్టి రెండే ఎక్కుతాయి, మూడోదానికి చోటు చాలదు, మిగిలిన కాలం వృథా. అందుకని హద్దులు చిన్నవి చేసినప్పుడు చుట్టుని 4 మిల్లీసెకన్లకి పెంచాలి. లేదా రిపోర్టులో ప్యాకెట్ సరిహద్దు చెప్పే పద్ధతి ఓఎల్‌టీలో ఉంటే దాన్ని వాడాలి. జీపాన్‌లో ప్యాకెట్లు ముక్కలవుతాయి కాబట్టి ఈ బాధ లేదు.

జీపాన్‌లో మార్పు టీ-కాంట్ ప్రొఫైల్లో చేయాలి. టీ-కాంట్ అంటే పెట్టెలో ఎక్కే వైపు వంతు అందుకునే ఖాతా లాంటిది, ఇవి అయిదు రకాలు. మొదటి రకం ఫిక్స్‌డ్, వాడినా వాడకపోయినా ఆ కాలం దానిదే. రెండోది అష్యూర్డ్, అడిగితే గ్యారంటీగా ఇస్తారు, అడగకపోతే ఇతరులకి పోతుంది. మూడోది అష్యూర్డ్ పైన మిగులులో వాటా కూడా. నాలుగోది బెస్ట్ ఎఫర్ట్, అందరూ తిన్నాక మిగిలితే. అయిదోది అన్నీ కలిసింది. కుగ్రామ నెట్‌వర్కుల్లో అందరినీ నాలుగో రకంలో పడేసి వదిలేయడం ఎక్కువ. రేడియో పెట్టెని మూడో రకానికి మార్చి, ఇంటికి 2 మెగాబిట్ల చొప్పున 80 అష్యూర్డ్, 130 గరిష్ఠం అని పెట్టాలి. విడి ఇళ్లనీ మూడో రకంలోనే పెట్టి 2 మెగాబిట్లు అష్యూర్డ్ ఇవ్వాలి. మొత్తం గ్యారంటీ 142, అంటే పోర్టులో ఎనిమిదో వంతు, కాబట్టి ఓఎల్‌టీ ఈ ప్రొఫైళ్లని కాదనదు. ప్రమాణాలు రాసే అంతర్జాతీయ సంస్థ ఐటీయూ నమూనాలో గ్యారంటీ పోగా మిగిలింది గ్యారంటీల నిష్పత్తిలోనే పంచుతారు. కాబట్టి 80కి 2, అంటే నలభైకి ఒకటి అన్న ఇంటి లెక్క మిగులుకి కూడా దానంతటదే వర్తిస్తుంది.

గరిష్ఠం 130 అని ఎందుకు కట్టాలంటే, పాలెం వైపు ఎవరైనా రౌటర్‌లో వైరు తప్పు గుచ్చి లూపు పడితే ఆ వరద పోర్టునంతా ముంచకూడదు. ఫిక్స్‌డ్ మాత్రం పెట్టొద్దు. 80 ఫిక్స్‌డ్ ఇస్తే తెల్లవారుజామున మూడింటికి పాలెం నిద్రపోతున్నా ఆ ఏడు శాతం కాలం ఎవరికీ పనికిరాకుండా పోతుంది. ఓఎల్‌టీ మరీ చవకది, బరువుల సంగతి తెలియనిది, టీ-కాంట్‌కింత అని సమానంగానే పంచుతుందంటే ఇంకో ఉపాయం ఉంది. ఒకే ఓఎన్‌యూ మీద నాలుగు టీ-కాంట్లు సృష్టించి, పాలేన్ని పదేసి ఇళ్ల నాలుగు వీలాన్‌లుగా, అంటే విడి గుంపులుగా, విడగొట్టి ఒక్కోదాన్ని ఒక్కో టీ-కాంట్‌కి కట్టాలి. నాలుగు చేతులు చాపినట్టు నాలుగు వాటాలొస్తాయి. పూర్తి న్యాయం కాదు, అయినా మూడున్నర రెట్లు నయం.

"మావాళ్లు డౌన్‌లోడే చేస్తారు, అప్‌లోడ్‌తో పనేముంది" అనుకోవద్దు. దిగే ప్రతి రెండు ప్యాకెట్లకీ ఒక రసీదు పైకి ఎక్కాలి. 100 మెగాబిట్లు దిగాలంటే రసీదులకే రెండు, రెండున్నర మెగాబిట్లు కావాలి. రసీదు ఆలస్యమైతే పంపేవాడు ఆగుతాడు. పైగా రొయ్యల గుంటల దగ్గర కాపలా కెమెరాలు పగలూ రాత్రీ ఎక్కిస్తూనే ఉంటాయి. రెండు మెగాపిక్సెళ్ల కెమెరా ఒక్కోటి రెండు నుంచి నాలుగు మెగాబిట్లు తినేస్తుంది. సగటున మూడు లెక్కన పదిహేను కెమెరాలుంటే పాలెం వాటా 34.4 దాటిపోయినట్టే. కెమెరాలకి వేరే టీ-కాంట్, దానికి వేరే గరిష్ఠం పెట్టడం ఇక్కడ తప్పనిసరి.

అష్యూర్డ్ ఇవ్వమనడానికి ఇంకో కారణం, ఫైబరు వంతులకీ రేడియో వంతులకీ పొంతన కుదరకపోవడం. టీడీఎంఏతో, అంటే కాలాన్ని వంతులుగా కోసి, పనిచేసే రేడియో 5 మిల్లీసెకన్ల ఫ్రేము వాడుతుందనుకోండి. 120 మెగాబిట్ల ధార ఓఎన్‌యూ దగ్గరికి నిలకడగా రాదు. అయిదు మిల్లీసెకన్లకోసారి 75 కిలోబైట్ల ముద్దగా వచ్చి పడుతుంది. దాన్ని ఎక్కించడానికి ఫైబరుకి అర మిల్లీసెకను, అంటే నాలుగు ఫ్రేములు చాలు. కానీ వాడకాన్ని గమనించి ఇచ్చే రకం డీబీఏ, ముద్దకీ ముద్దకీ మధ్య పెట్టె ఖాళీగా ఉండటం చూసి దాని వాటా తగ్గించేస్తుంది. తగ్గించిన మరుక్షణం ముద్ద వచ్చి పడుతుంది. రిపోర్టు అడిగి ఇచ్చే రకంలో రిపోర్టు పోయి, లెక్క కట్టి, గ్రాంటు తిరిగి రావడానికి ఒకటి నుంచి మూడు మిల్లీసెకన్లు. ఒక ప్యాకెట్‌కి ఇది చిన్న ఆలస్యమే. ప్రతి ముద్దకీ జరిగితే వీడియో కాల్‌లో మాట తెగుతుంది. గ్యారంటీ ఉన్న టీ-కాంట్‌కి అడగకముందే కొంత చోటు సిద్ధంగా ఉంటుంది, ముద్ద రాగానే కదులుతుంది. ఓఎల్‌టీలో రిపోర్టు రకం డీబీఏ ఎంచుకునే వీలుంటే రేడియో పెట్టె ఉన్న పోర్టుకి దాన్నే ఎంచుకోవాలి.

ఇక గాలి వైపు. ఇక్కడ పంపకానికి అర్థమే మారుతుంది. ఫైబరులో ఒక మైక్రోసెకనుకి ఎవరు పంపినా ఒకటే బిట్లు. గాలిలో దగ్గరి ఇల్లు 130 మెగాబిట్ల రేటుతో మాట్లాడుతుంది, దూరపు ఇల్లు 13తో. ఇద్దరికీ సమానంగా ప్యాకెట్లు ఇస్తే దూరపువాడి ప్యాకెట్ పదింతల కాలం గాలిని పట్టుకుంటుంది. లెక్క కడితే ఇద్దరికీ 11.8 చొప్పున వస్తుంది, ఇద్దరిదీ కలిపి 23.6. వైఫైలో ఈ జబ్బుని 2003లో మార్టిన్ హ్యూస్, ఆయన సహచరులు లెక్కలతో చూపించారు. ప్యాకెట్లు మాని కాలాన్ని సమానంగా పంచితే దగ్గరివాడికి 65, దూరపువాడికి 6.5, మొత్తం 71.5. కాలువ చివరి చేనుకి గంట వంతు అందరితో సమానంగా ఇచ్చినా దారిలో ఇంకిపోగా చేరేది తక్కువే. గంటలు సమానమంటే నీళ్లు సమానమని కాదు.

ఇక్కడ చాలామంది ఇంజనీర్లు కాలం సమానంగా పంచడమే న్యాయమని అక్కడితో వదిలేస్తారు. నేను ఒప్పుకోను. దూరపు ఇంటివాళ్లు కట్టేదీ అదే బిల్లు. వాళ్లిల్లు స్తంభానికి దూరంగా ఉండటం వాళ్ల తప్పు కాదు, స్తంభం ఎక్కడ పాతాలో వాళ్లు చెప్పలేదు. అలాగని ప్యాకెట్లు సమానం చేస్తే అందరూ మునుగుతారు. మధ్యే మార్గం లెక్కలోనే ఉంది. దూరపు ఇంటికి రెండు వంతుల కాలం, దగ్గరి ఇంటికి ఒక వంతు ఇస్తే దూరపువాడికి 8.7, దగ్గరివాడికి 43. మొత్తం 52. నేను పాటించమనే నియమం ఇది: మామూలుగా కాలం సమానం. ఏ ఇల్లయినా 2 మెగాబిట్ల అడుగుకి దిగితే దాని కాలాన్ని రెట్టింపు దాకా పెంచాలి. రెట్టింపు చేసినా అడుగు అందకపోతే ఇక సాఫ్ట్‌వేర్ కట్టిపెట్టి నిచ్చెన తీసుకుని ఆ ఇంటికి పోవాలి. తప్పు యాంటెన్నా దగ్గర ఉంది.

మన తీరంలో ఆ తప్పుకి తరచుగా దొరికే కారణం సరుగుడు తోట. లింకు వేసిననాడు మొక్కలు మోకాలెత్తు. సరుగుడు మంచి నేలలో ఏటా రెండు మూడు మీటర్లు ఎదుగుతుంది. మూడు కిలోమీటర్ల లింకులో 5.8 గిగాహెర్ట్జ్ దగ్గర నడిమధ్య ఫ్రెనెల్ వలయం (చూపు గీత చుట్టూ సిగ్నల్ పరుచుకునే చోటు) వ్యాసార్ధం 6.2 మీటర్లు, అందులో అరవై శాతం, అంటే 3.7 మీటర్లు ఏ అడ్డూ లేకుండా ఉండాలి. చెట్టు కొన చూపు గీతకి ఇంకా తగలకముందే, దానికి నాలుగు మీటర్ల కిందికి వచ్చేసరికే సిగ్నల్ దిగడం మొదలవుతుంది. ఒక్కసారిగా తెగితే ఫిర్యాదు వస్తుంది, బాగుచేస్తారు. ఇది అలా తెగదు. నెలకింత తగ్గి, రేటు 130 నుంచి 78కి, 39కి, 13కి జారుతుంది. ఆ ఇంటివాళ్లు "ఈమధ్య కొంచెం స్లో అయింది" అంటారు. ఆ ఒక్క ఇల్లు తినే కాలం వల్ల మిగతా సెక్టారంతా నెమ్మదిస్తుంది, కారణం ఎవరికీ తట్టదు. ఆరు నెలలకోసారి ప్రతి లింకు సిగ్నల్‌నీ వేసిననాటి అంకెతో పోల్చి చూడాలి. ఆరు డీబీ తగ్గితే, అంటే బలం నాలుగో వంతుకి పడితే, యాంటెన్నా గొట్టం పొడవు పెంచాలి. తోట కొట్టేదాకా ఆగుదామంటే నాలుగైదేళ్లు.

గుంటల నీళ్లది వేరే గొడవ. నిశ్చలంగా ఉన్న నీటి మీంచి సిగ్నల్ అద్దంలోలా తిరగబడి, సూటిగా వచ్చినదాన్ని కొన్ని ఎత్తుల్లో చంపేస్తుంది. యాంటెన్నాని గొట్టం మీద అర మీటరు చొప్పున పైకీ కిందికీ జరుపుతూ మంచి చోటు వెతకడమే మందు. మరీ ఎత్తుకి పెడితే మేలు జరుగుతుందన్న నమ్మకం నీటి మీద తప్పవుతుంది. ఉప్పు గాలి ఇంకో శత్రువు. నెట్ వైరు చివరి ఆర్‌జే45 ప్లగ్గు పిన్నులు పచ్చబడితే గిగాబిట్ లింకు 100కి, ఒక్కోసారి 10కి పడిపోతుంది. పైన డీబీఏ ఎంత చక్కగా దిద్దినా ఆ ప్లగ్గు దగ్గరే అంతా ఆగిపోతుంది. ఓఎన్‌యూ నుంచి రేడియోకి వెళ్లే పోర్టు ఎంత వేగంలో కలిసిందో ముందు చూడండి.

ఆరుబయట డిష్‌లు పెట్టిన చోట మామూలు వైఫై పద్ధతి, అంటే విని ఖాళీగా ఉంటే పంపే పద్ధతి, అస్సలు నప్పదు. ప్రతి డిష్షూ స్తంభం వైపే చూస్తుంది, పక్కింటి డిష్ మాట్లాడటం దానికి వినపడదు. ఇద్దరూ ఒకేసారి పంపుతారు. స్తంభం దగ్గర గట్టి గొంతున్న దగ్గరివాడి మాట బతుకుతుంది, దూరపువాడిది చస్తుంది, అతను మళ్లీ ఎక్కువసేపు ఆగి పంపాలి. దూరపు ఇంటికి ఇది రెండో దెబ్బ. స్తంభమే ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచే టీడీఎంఏ లేదా పోలింగ్ ఉన్న రేడియోలే వాడాలి. ఒకే ఛానల్ మీద ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి దూకించే మెష్ కూడా వద్దు. రెండో దూకుడుకి వేగం సగం, మూడో దూకుడుకి మూడో వంతు.

దిగే వైపు డీబీఏ ఉండదు, వరస ఉంటుంది. ఓఎన్‌యూ గిగాబిట్‌తో రేడియోలోకి పోస్తుంది, రేడియో వందతో పంపుతుంది. మిగిలింది రేడియో పెట్టె లోపల వెయ్యి ప్యాకెట్ల క్యూలో పేరుకుంటుంది. వంద మెగాబిట్ల దగ్గర ఆ క్యూ దాటడానికి 120 మిల్లీసెకన్లు. గాలి పాడై ఇరవైకి దిగితే 600. అప్పుడు యూపీఐ చెల్లింపు కూడా ఒక సినిమా డౌన్‌లోడ్ వెనక నిలబడుతుంది. 2018లో ప్రయోగాత్మక పత్రంగా ప్రచురించిన ఎఫ్‌క్యూ-కోడెల్ అనే పద్ధతి ఈ క్యూని ధారల వారీగా, అంటే ఒక్కో కనెక్షన్‌కి వేరుగా, విడగొట్టి, 5 మిల్లీసెకన్లకి మించి నిలవున్న వాటిని పలచన చేస్తుంది. అయితే అది సమానంగా చూసేది ధారలని. ఎనిమిది ధారలు తెరిచిన డౌన్‌లోడ్ మేనేజర్‌కి ఎనిమిది వాటాలు. మళ్లీ అదే తప్పు, ఇంకో రూపంలో. లైనక్స్‌లోని కేక్ అనే క్యూ పద్ధతిలో ముందు ఇంటి చిరునామా వారీగా, ఆ తర్వాతే ధారల వారీగా పంచే వీలుంది. దిగే వైపు డ్యూయల్-డెస్ట్‌హోస్ట్, ఎక్కే వైపు డ్యూయల్-ఎస్‌ఆర్‌సీహోస్ట్ అని పెట్టాలి. ఒక షరతు: కేక్ నడిచే పెట్టెకి ప్రతి ఇల్లూ వేరే చిరునామాతో కనిపించాలి. దీనికీ ఇళ్లకీ మధ్యలో ఎక్కడైనా చిరునామాలని కలిపేసే నాట్ ఉంటే నలభై ఇళ్లూ దానికి ఒకే ఇల్లు. నాట్‌ని దీనికి పైన, ఆపరేటరు గది వైపు పెట్టుకోవాలి. ఇళ్లు లాగిన్‌తో కలిసే పీపీపీఓఈ వాడుతుంటే సెషన్ విప్పే చోటే ఈ క్యూ పెట్టుకోవడం క్షేమం. కేక్‌కి ఇచ్చే వేగాన్ని రాత్రి తొమ్మిదింటికి కొలిచిన రేడియో సామర్థ్యంలో తొంభై శాతంగా పెట్టాలి. పగటి అంకె పెడితే రాత్రికి క్యూ మళ్లీ రేడియోలోకే పోతుంది.

ఎదురు వాదనలు రెండు వింటుంటాం. మొదటిది: ఇళ్ల సంఖ్యని బట్టి బరువిస్తే, ఒక కనెక్షన్ తీసుకుని పదిమందికి అమ్ముకునేవాడు పది వాటాలు అడుగుతాడు కదా. అడగలేడు. బరువు వేయాల్సింది లాగిన్లని సరిచూసే రేడియస్ సర్వర్‌లో నమోదై బిల్లు కడుతున్న సెషన్లకి, ఎవరో చెప్పిన లెక్కకి కాదు. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం-వాణి పథకంలో టీ కొట్టువాడు కూడా తన ఫైబరు మీద వైఫై అమ్మొచ్చు. అక్కడా ఇదే పద్ధతి పనికొస్తుంది, లాగిన్ అయి ఉన్న వాళ్ల సంఖ్య ఎలాగూ సర్వర్‌కి తెలుసు.

రెండోది: ఇంత తంటా ఎందుకు, అందరికీ ఫైబరే లాగేస్తే సరి. లాగగలిగిన చోట లాగాల్సిందే, అందులో తగువు లేదు. కానీ గుంటల గట్ల మీద స్తంభాలు ఉండవు, ఏటా జేసీబీతో గట్లు చెక్కుతారు, పాతిన తీగ బతకదు. ఇసుక మీది పాలేనికి తుపాను గాలికి వేలాడే డ్రాప్ వైరు ఎన్నాళ్లు నిలుస్తుందో ఆపరేటర్లకి తెలుసు. ఇక జీపాన్ కన్నా దిగే వైపు నాలుగింతలు, ఎక్కే వైపు ఎనిమిదింతల వేగమున్న ఎక్స్‌జీఎస్-పాన్ వస్తే అంతా సర్దుకుంటుందన్న మాట మీద నాకు నమ్మకం లేదు. 32 పెట్టెలకి సమానంగా పంచే లస్కరు పెద్ద కాలువ మీదా అలాగే పంచుతాడు. మేడ ప్లాను పెరుగుతుంది, వాడకం పెరుగుతుంది, రద్దీ వేళకి పాలెం మళ్లీ నలభైలో ఒక వంతు దగ్గరే ఉంటుంది.

మార్చాక సరిగ్గా కుదిరిందో లేదో చూడటానికి రాత్రి ఎనిమిది, పది మధ్య మూడు చోట్ల కొలవాలి: రోడ్డు పక్క విడి ఇల్లు, పాలెంలో స్తంభానికి దగ్గరి ఇల్లు, అన్నిటికన్నా దూరపు ఇల్లు. ప్రతి చోటా దిగే వేగం, ఎక్కే వేగం, డౌన్‌లోడ్ నడుస్తుండగా పింగ్, అంటే జవాబు తిరిగొచ్చే సమయం. మూడిళ్లలో ఒకేసారి కొలవాలి, విడివిడిగా కొలిస్తే ఎవరికి వాళ్లకి బాగానే వస్తుంది. పాలెంలో రెండిళ్లూ నెమ్మదిగా ఉండి విడి ఇల్లు బాగుంటే తప్పు టీ-కాంట్‌లోనో, రేడియోకి వెళ్లే ప్లగ్గులోనో ఉంది. దగ్గరి ఇల్లు బాగుండి దూరపుది మాత్రమే నీరసంగా ఉంటే గాలి కాలం దిద్దాలి, లేదా నిచ్చెన ఎక్కాలి. వేగాలు బాగుండి పింగ్ మాత్రం వందల మిల్లీసెకన్లు దాటితే క్యూ ఇంకా రేడియో లోపలే ఉన్నట్టు. మూడిళ్లూ నీరసంగా ఉంటే వంతుల జోలికి పోకముందు పవర్ మీటర్ తీయండి. 3 డీబీఎం (వెలుగు బలం కొలత)తో బయల్దేరిన వెలుగు, నాలుగు, ఎనిమిది చీలికల రెండు స్ప్లిటర్లు, 12 కిలోమీటర్ల ఫైబరు, కనెక్టర్లు దాటి పెట్టె దగ్గరికి మైనస్ 20, 21 దగ్గర చేరాలి. మైనస్ 27 చూపిస్తుంటే అది బీ-ప్లస్ తరగతి పెట్టె వినగలిగే ఆఖరి అంచు. ముందు ఎక్కడో వంగిన ప్యాచ్ కార్డునో, నీళ్లు దిగిన జాయింట్ బాక్సునో వెతకాలి.